అంగుళం పెరిగితే ఏం తగ్గుతుంది? డెల్టా రోడ్ల మీద అల్లాయ్ చక్రాల తీరు

కోతలయ్యాక గోదావరి డెల్టాలో తారు రోడ్లు కళ్లాలైపోతాయి. ధాన్యం ఆరబోసి, రాశి మీదికి బళ్లు ఎక్కకుండా అంచు పొడుగునా తలకాయంత రాళ్లు పేరుస్తారు. సాయంత్రానికి గింజలు ఎత్తి బస్తాల్లో పోసుకుంటారు గానీ రాళ్లు చాలాసార్లు అక్కడే మిగిలిపోతాయి. రాత్రి ఎదురొచ్చే లారీ లైట్లకి కళ్లు బైర్లు కమ్మిన క్షణంలో ఎడమ ముందు చక్రం ఆ రాయి మీదికి ఎక్కుతుంది. పదిహేను అంగుళాల మామూలు చక్రమైతే దబ్బుమని ఒక చప్పుడు, ఆ తరవాత ప్రయాణం ఎప్పటిలాగే. మోజుపడి వేయించుకున్న పదిహేడు అంగుళాల అల్లాయ్ అయితే బండి పక్కకు తీసి స్టెప్నీ దించుకోవాలి.

పెర్ఫార్మెన్స్ కార్లకు బయట వేయించుకునే చక్రాల అభిరుచి పాతికేళ్లలో ఎటు పోయి ఎటు వచ్చిందో చూడాలంటే ఈ రాయి దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. ఫ్యాషన్ జపాన్ నుంచి వచ్చినా, జర్మనీ నుంచి వచ్చినా, సెల్‌ఫోన్ తెర మీంచి వచ్చినా, ఇక్కడ నిలవాలో పోవాలో చివరికి తేల్చింది కాలువ గట్టు రోడ్డే. ఆలస్యమైనా అది మంచి తీర్పు. మెరుపూ సైజూ చూసి కొనే రోజులు తగ్గి, చక్రం ఎన్ని కిలోలుందని అడిగే రోజులు వస్తున్నాయి.

డెల్టాలో పెద్దవాళ్లు ఇప్పటికీ అల్లాయ్ చక్రాన్ని 'మ్యాగ్ వీల్' అంటారు. ఆ మాట వెనక చరిత్ర ఉంది. 1960ల్లో రేసు కార్లకు మెగ్నీషియం మిశ్రమంతో చక్రాలు పోసేవారు. చాలా తేలిక, కానీ తడికీ ఉప్పుకీ త్వరగా దెబ్బతినేవి. వీధి కార్ల దాకా వచ్చేసరికి ఆ చోటు అల్యూమినియం, సిలికాన్ కలిసిన మిశ్రమం తీసుకుంది. లోహం మారింది, పేరు మిగిలింది. ఇక స్పోకులకు మన దగ్గర ఎడ్లబండి నాటి మాట ఉండనే ఉంది: ఆకులు. ఆరాకుల చక్రం, ఎనిమిదాకుల చక్రం అంటే పల్లెటూరి వడ్రంగికి బొమ్మ కళ్లకు కడుతుంది. బ్రోచర్లు ఏమని రాసినా ఇక్కడ ఆ మాటే వాడుకుందాం.

ఆకుల అమరిక మొదట పుట్టింది పని కోసం. 1924లో బుగాటి టైప్ 35 రేసు కారుకి అల్యూమినియం పోత చక్రాలు వేశారు. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతో కలిసే ఉండేది, బల్లపరుపుగా ఉన్న ఎనిమిదాకుల సందుల్లోంచి గాలి ఆడి బ్రేకు చల్లబడేది. 1960ల్లో ఇంగ్లండులో మినీ కార్ల మీద పేరు తెచ్చుకున్న మినిలైట్‌దీ ఎనిమిదాకుల చక్రమే. పోర్షా 911 ఎస్ కోసం 1966లో వచ్చిన ఫుక్స్ చక్రానికి అయిదు రేకులు, పోత కాకుండా సుత్తి పోటు లాంటి ఒత్తిడితో చేసిన ఫోర్జ్‌డ్ చక్రం అది. 1970లో జర్మనీలోని షిల్టాఖ్ ఊళ్లో బౌమ్‌గార్ట్‌నర్, బ్రాండ్ అనే ఇద్దరు పెట్టిన కంపెనీ వాళ్ల పేర్లలోని, ఊరి పేరులోని మొదటి అక్షరాలతో బీబీఎస్ అయింది. చేపల వల అల్లినట్టుండే వాళ్ల చక్రంలో బరువు సన్నటి ఆకులు చాలావాటి మీద సమంగా పంచుకుపోతుంది. 1983 నాటి ఆర్‌ఎస్ మోడల్‌లో మూడు ముక్కల్ని చుట్టూ చిన్న బోల్టులతో బిగించారు. ఈనాడు చవక చక్రాల అంచున కనిపించే ఉత్తుత్తి బోల్టు తలకాయలు దాన్ని చూసి పెట్టినవే.

అన్నిట్లోకీ మన కుర్రకారు ఎక్కువగా పలవరించేది ఒక జపాన్ చక్రాన్ని. రేస్ (Rays) అనే కంపెనీ 1996లో తెచ్చిన వోల్క్ రేసింగ్ టీఈ37కి ఆరు ఆకులు, అలంకారం ఏమీ లేదు. 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు సైజులో అది 3.7 కిలోలు తూగింది. పేరులోని 37 ఆ తూకమే. ఒక వస్తువుకి దాని బరువునే పేరుగా పెట్టుకోవడంలో ఆ పనివాళ్ల గర్వం తెలుస్తుంది, ఆ గర్వం వాళ్లకి తగినదే. ఆ చక్రం ఆకారం ఇవాళ రాజమండ్రిలోనూ భీమవరంలోనూ ఏ అల్లాయ్ షాపు గోడ మీదైనా కనిపిస్తుంది. తూకం మాత్రం కనిపించదు.

ఇవి డెల్టాకి ఏ వరసలో చేరాయో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. 2000 సంవత్సరం చుట్టుపక్కల ఏపీ 05, ఏపీ 37 నంబరు ప్లేట్లతో తిరిగిన హోండా సిటీ వీటెక్‌లు, మారుతి ఎస్టీమ్‌లు పదమూడు అంగుళాల చక్రాలతో వచ్చేవి. వీటెక్‌ది 106 హార్స్‌పవర్, ఆనాటికి పెద్ద మాట. వాటికి పద్నాలుగు అంగుళాల అయిదాకుల అల్లాయ్ వేయించుకోవడమే ఘనంగా ఉండేది. ఒక్క అంగుళమే పెరిగేది కాబట్టి బండి నడకలో పెద్ద తేడా రాలేదు, రోడ్డూ పట్టించుకోలేదు.

2005లో స్విఫ్ట్ వచ్చాక కథ వేగం అందుకుంది. అప్పటికి రొయ్యల చెరువుల డబ్బు, గల్ఫు నుంచి వచ్చే డబ్బు, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ జీతం, మూడూ ఒకే వీధిలోకి చేరుతున్నాయి. చైనా, థాయ్‌లాండ్ పోత చక్రాలు విరివిగా దొరికాయి. క్రోమ్ పూత, ఆకుల ముఖం మిషన్ మీద చెక్కి మెరిపించడం, పదహారు, పదిహేడు అంగుళాలు ఆ రోజుల్లో ఇంటిముందు కారుకి ఉండాల్సిన హంగులు. చక్రం వ్యాసం హోదాకి కొలబద్ద అయింది. 2014–15లో చైనా, కొరియా, థాయ్‌లాండ్ అల్లాయ్ చక్రాల మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవక దిగుమతుల్ని అడ్డుకునే పన్ను) పడ్డాక ఆ జోరు కొంత నెమ్మదించి, దేశీ తయారీ చక్రాలకు చోటు దొరికింది.

మూడో అల పోలోతో వచ్చింది. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో, 2013లో దాని జీటీ టీఎస్‌ఐ, 2015లో 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో. చిన్న కారులో పెద్ద బలం అనే రుచి మరిగిన కుర్రాళ్లకి ఇవి దొరికాయి. అదే సమయంలో బయటి దేశాల నుంచి 'స్టాన్స్' మోజు దిగింది. స్ప్రింగులు కోసి లేదా మార్చి బండిని నేలకి దించడం, లోతైన పళ్లెం లాంటి చక్రాలు వేసి టైరు అంచు ఫెండరుకి, అంటే చక్రం మీది బాడీ రేకుకి, ఆనించినట్టు నిలపడం. ఫొటోలో అందమే, కాదనక్కర్లేదు. కానీ ఊరికి మూడు స్పీడ్ బ్రేకర్లు, రెండూళ్లకి ఒక వంతెన గూను ఉన్న కోనసీమలో ఆ బండి కొబ్బరితోట దాటి బయటికి రావడమే కష్టం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన అలాంటి బళ్లు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరి, అడుగు రాసుకుంటూ వెనక్కి తిరగాల్సి వచ్చే రోడ్లు ఇవి.

ఇవి ఎలాంటి రోడ్లో కొంచెం దగ్గరగా చూడాలి. డెల్టా నేల వండ్రుమట్టి, నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద, అందులోనూ కాలువ గట్టు మీద వేసిన రోడ్డు ఏటా కొంచెం కుంగుతూనే ఉంటుంది. తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు మధ్య ఎత్తవుతుంది, పక్కన మట్టి మాత్రం దిగిపోతుంది. ఒక బండి పట్టే వెడల్పులో ఎదురుగా ఆర్టీసీ బస్సో రొయ్యల లారీయో వస్తే, ఎడమవైపు రెండు చక్రాలు మట్టిలోకి దించక తప్పదు. దించడం తేలిక. మళ్లీ పైకి ఎక్కేటప్పుడు జానెడు ఎత్తున కత్తిలా నిలబడ్డ తారు అంచు టైరు పక్కగోడకి తగులుతుంది. నిదానంగా, అడ్డంగా తిప్పి ఎక్కిస్తే సరే. తొందరపడి ఏటవాలుగా లాగితే టైరు గోడ అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగిపోతుంది. రిమ్ము వంగడం, టైరు గోడ మీద కోడిగుడ్డులా బుడిపె లేవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. జాతీయ రహదారి 16 మీద రావులపాలెం నుంచి తణుకు దాకా ఏ సైజు చక్రమైనా హాయిగా పోతుంది. రహదారి దిగిన మొదటి కిలోమీటరులోనే సైజు సంగతి బయటపడుతుంది.

లెక్క చూద్దాం. తొలినాళ్ల పోలో జీటీ టీఎస్‌ఐ టైరు 185/60 ఆర్15. వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 111 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. కింద ఒక గోడ, పైన ఒక గోడ కలుపుకుంటే మొత్తం చక్రం ఎత్తు 603 మిల్లీమీటర్లు. పదహారుకి మారితే 195/50 ఆర్16 సరిపోతుంది: పక్కగోడ 97, మొత్తం 601. పదిహేడుకి 215/40 ఆర్17: పక్కగోడ 86, మొత్తం 604. మూడింట్లోనూ బయటి ఎత్తు ఇంచుమించు ఒకటే. అందుకే స్పీడోమీటరు లెక్క తప్పదు, దూరం నుంచి చూస్తే బండి ఎత్తూ మారదు. మారింది లోపల. రోడ్డు దెబ్బని కాచుకునే రబ్బరు, గాలి ఎత్తు 111 నుంచి 86కి పడిపోయింది. పోయిన ఆ పాతిక మిల్లీమీటర్లే రాయి ఎక్కినప్పుడు రిమ్ముని కాపాడేవి.

వెడల్పు కూడా 30 మిల్లీమీటర్లు పెరిగింది, దానితో మలుపుల్లో పట్టు పెరిగే మాట నిజం. పక్కగోడ పొట్టిదైతే స్టీరింగ్ తిప్పగానే బండి చురుగ్గా తిరుగుతుంది, అదీ నిజమే. రేసు ట్రాకు మీద ఆ తేడా సెకన్లలో కనబడుతుంది. గట్టు రోడ్డు మీద గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో అది కనబడదు, గుంత మాత్రం కనబడుతుంది.

దీనికి తోడు బరువు. చక్రం స్ప్రింగుకి కింద ఉండే సరుకు. గుంత అంచు దాన్ని పైకి విసిరితే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు మళ్లీ కిందికి నొక్కాలి. అది ఎంత బరువుంటే అంత ఆలస్యంగా నేలను పట్టుకుంటుంది, అంత దెబ్బ మనకి వస్తుంది. పైగా చక్రం ముందుకు పోవడంతో పాటు తిరగాలి కూడా. అంచున ఉన్న కిలో బరువుని పరుగెత్తించడానికి ఇంజిను పడే కష్టం, సీటులో పెట్టిన కిలోకి పడే కష్టం కన్నా దాదాపు రెట్టింపు దాకా ఉంటుంది. రిమ్ము పెద్దదయ్యే కొద్దీ ఆ బరువు ఇరుసుకి ఇంకా దూరం జరుగుతుంది. అందుకే రీమ్యాప్, అంటే ఇంజిను కంప్యూటరు ప్రోగ్రాములో మార్పు, చేయించి పది హార్స్‌పవర్ పెంచుకున్న బండికి, ఒక్కోటి మూడు కిలోలు ఎక్కువున్న చవక పదిహేడు అంగుళాల చక్రాలు వేస్తే, వచ్చిన బలంలో కొంత సిగ్నలు దగ్గర బండి కదిలేటప్పుడే ఖర్చయిపోతుంది. డబ్బిచ్చి బలం కొని, డబ్బిచ్చి పోగొట్టుకోవడం బాధాకరమైన సంగతి. ఏళ్లపాటు చాలామంది తెలియక చేసింది ఇదే.

సైజు తరవాత ఆఫ్‌సెట్. రిమ్ము మీద 'ఈటీ 40' అని పోత పోసి ఉంటుంది. ఐన్‌ప్రెస్‌టీఫె అనే జర్మన్ మాటకి అది పొట్టి రూపం. రిమ్ము వెడల్పుకి నడిగీత నుంచి హబ్బుకి (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెబుతుంది. 6జే (ఆరంగుళాల వెడల్పు) ఈటీ 40 చక్రం తీసి 7జే ఈటీ 35 వేస్తే బయటి అంచు దాదాపు 18 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది, లోపలి అంచు 8 మిల్లీమీటర్లు స్ట్రట్టు (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం) వైపు జరుగుతుంది. వెనకసీట్లో ముగ్గురు, డిక్కీలో రెండు కొబ్బరిబస్తాలు ఉన్నప్పుడు ఆ 18 మిల్లీమీటర్లు ఫెండరుకి రాసుకోవడం మొదలవుతుంది. ఖాళీ బండిని షాపు ముందు నిలబెట్టి చూసుకుంటే ఇది తెలియదు.

తరవాత పీసీడీ, అంటే బోల్టులు నిలిచే వలయం వ్యాసం. స్విఫ్ట్, ఐ20, సిటీ 4×100, అంటే నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం. పోలో 5×100. ఫోర్డ్ ఫిగో 4×108. పుంటో 4×98. ఆక్టేవియా మొదటి తరానిది 5×100, ఆ తరవాతవి 5×112. నాలుగు బోల్టుల చక్రానికి ఎనిమిది రంధ్రాలు కనిపిస్తే అది రెండు వలయాలకి సరిపోయేలా చేసిన సరుకు అన్నమాట. ఎక్కువ కార్లకి అమ్ముకోవచ్చని ఆ ఏర్పాటు. 98కి 100 చక్రం వేసి బోల్టులు బలవంతంగా బిగించడం కొన్ని చోట్ల జరుగుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ బోల్టు ఏ ఒక్కటీ తిన్నగా కూర్చోదు, ప్రతి కిలోమీటరుకీ కొంచెం కొంచెం వదులవుతుంది. ప్రాణంతో ఆడుకునే పని అది, ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

ఒక్కసారి టైర్ల షాపులో బ్యాలెన్సింగ్ మిషన్ పక్కన నిలబడితే మిగతావి అర్థమవుతాయి. బయటి కంపెనీ చక్రం మధ్య రంధ్రం చాలాసార్లు 73.1 మిల్లీమీటర్లుంటుంది, ఎక్కువ కార్లకి పట్టాలని. పోలో హబ్బు 57.1. మధ్యలో ఖాళీ నింపడానికి ప్లాస్టిక్‌దో అల్యూమినియందో సన్నటి రింగు ఉండాలి. రింగు లేకపోయినా చక్రం బోల్టుల మీద నిలబడుతుంది, బండి నడుస్తుంది. ఎనభై దాటాక స్టీరింగ్ వణుకుతుంది. మళ్లీ మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించి, సీసం ముక్కలు మార్పించి, అలైన్‌మెంట్ చూపించి, చివరికి సస్పెన్షన్ మీద నింద వేసినవాళ్లున్నారు. కావలసింది అరచేతిలో పట్టే నాలుగు రింగులు. రెండోది బోల్టు తల. ఫోక్స్‌వాగన్ బోల్టు కింది భాగం గుండ్రంగా గిన్నె అడుగులా ఉంటుంది, హోండా కంపెనీ నట్లదీ అదే తీరు. బయటి అల్లాయ్‌లకి ఎక్కువగా శంఖువులా వాలుగా ఉండే బోల్టు కావాలి. పాత బోల్టే బిగిస్తే అంచు మాత్రమే ఆనుతుంది, పూర్తి ముఖం ఆనదు. కొత్త చక్రంతో పాటు దానికి తగిన బోల్టులు కొనడం, గాలి గన్నుతో కాకుండా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ స్పానరుతో చివరి బిగింపు వేయించడం, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించుకోవడం, ఈ మూడింటికీ అయ్యే ఖర్చు చక్రాల ధర ముందు చిన్నదే. లక్ష పెట్టి చక్రాలు కొన్నవాళ్లు ఇక్కడ పొదుపు చేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు ప్రమాదం నకలు చక్రాల్లో ఉంది. టీఈ37 ఫోర్జ్‌డ్ చక్రం. లోహపు దిమ్మని వేల టన్నుల ఒత్తిడితో నొక్కి ఆకారం తెస్తారు కాబట్టి సన్నటి ఆకుల్లోనూ బలం ఉంటుంది. దాని ఆకారాన్ని అచ్చులో దించి మామూలు పోత పోస్తే, బలం రావాలంటే ఆకులు లావు చేయాలి, అప్పుడు బరువు పెరుగుతుంది. లావు చేయకపోతే విరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఫ్లో ఫార్మింగ్ అనే పద్ధతి ఉంది. మధ్యభాగం పోత పోసి, చుట్టూ ఉండే పీపా లాంటి భాగాన్ని వేడిమీద తిప్పుతూ రోలర్లతో సాగదీస్తారు. కుమ్మరి సారెమీద కుండ గోడ పల్చబడుతూ పైకి లేచినట్టే ఇక్కడ లోహం గోడ పల్చబడుతూ గట్టిపడుతుంది. జపాన్ ఎన్‌కై దీన్నే మ్యాట్ అనే పేరుతో చేస్తుంది. డెల్టా రోడ్లకి, మధ్యతరగతి జేబుకి, వేగం మీది ప్రేమకి మూడింటికీ పొసిగే దారి ప్రస్తుతానికి ఇదే అనిపిస్తుంది.

పోత చక్రమైనా బలం అంతా దాని వేడి చికిత్సలో ఉంటుంది. ఎక్కువగా వాడే ఏ356 మిశ్రమాన్ని సుమారు 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్లలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో మగ్గబెడతారు. టీ6 అనేది ఆ చికిత్స పేరు. పండగ వెళ్లాక పంచర్ షాపుల ముందు వంగిన రిమ్ముల వరస కనిపిస్తుంది. గ్యాసు మంటతో కాల్చి, జాకీతో నొక్కి వంపు తీస్తారు, పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ పెడతారు. ఆ మంట తగిలిన చోట టీ6 చికిత్స చెడిపోతుంది. రిమ్ము గుండ్రంగా కనిపిస్తుంది, బ్యాలెన్సింగ్ మిషన్ కూడా పాస్ చేస్తుంది, కానీ ఆ నాలుగంగుళాల మేర లోహం మెత్తబడింది. అంచున చిన్న వంపు జాగ్రత్తగా తీయించుకోవడం వేరు. ఆకుకి పగులు వచ్చిన చక్రాన్ని వెల్డింగ్ పెట్టి మళ్లీ ముందు ఇరుసుకి వేయడం వేరు. రెండోదాన్ని పాత సామాను వాడికి ఇచ్చేయాలి. ఇనుప డిస్కు (మామూలు ఇనుప చక్రం) వంగుతుంది, అల్లాయ్ పగులుతుంది అని మెకానిక్కులు చెప్పే మాటలో ఈ తేడా అంతా ఉంది.

చక్రం వెనక వైపు తిప్పి చూస్తే పోత అక్షరాలుంటాయి. జేడబ్ల్యూఎల్ అంటే జపాన్ ప్రమాణానికి తగినట్టు చేశామని తయారీదారు స్వయంగా చెప్పుకోవడం. పక్కన వీఐఏ కూడా ఉంటే బయటి సంస్థ పరీక్షించిందని అర్థం. మన దేశంలో ప్యాసింజర్ కారు చక్రాలకి ఐఎస్ 9436 ప్రమాణం ఉంది. మలుపులో పడే వంపు బలాన్ని లక్షల సార్లు పెట్టి చూడటం, బరువు మోస్తూ దొర్లించి చూడటం, ఏటవాలుగా నిలిపి పైనుంచి దిమ్మ పడేసి చూడటం, ఇవీ చక్రాలకి పెట్టే పరీక్షలు. ఆ మూడోది చదివినప్పుడల్లా రోడ్డు మీద మిగిలిన కళ్లం రాయే గుర్తొస్తుంది. గుర్తులేవీ లేని చక్రం ఎంత అందంగా ఉన్నా తీసుకోకపోవడం మేలు. టైరు మీద లోడు సంఖ్య కూడా చూసుకోవాలి: 84 అంటే ఒక్క టైరు 500 కిలోలు మోస్తుందని. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువ సంఖ్య ఉన్న టైరు వేయకూడదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చిన టైర్లతో ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులు రావచ్చు కూడా.

రంగుల సంగతికొస్తే, క్రోమ్ పోవడానికి కారణం అభిరుచి ఒక్కటే కాదు, సముద్రం కూడా. ఉప్పాడ, కాకినాడ నుంచి అంతర్వేది, నరసాపురం దాకా ఉప్పుగాలి. భీమవరం వైపు ఐసు పెట్టెల్లోంచి లారీలు రోడ్డు పొడుగునా కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్లు. క్రోమ్ పూత కింద చిన్న పొక్కు లేచిందంటే రేకులు రేకులుగా ఊడుతుంది. మిషన్ మీద చెక్కి మెరిపించిన ముఖానిది ఇంకో రోగం. దాని మీద ఉండేది పల్చటి పారదర్శక లాకరు పొర, ఆకుల పదునైన అంచుల దగ్గర మరీ పల్చన. అక్కడ ఒక కంకర రాయి తగిలి గాటు పడితే ఉప్పు తడి లోపలికి పోయి, పురుగు తొలిచిన దారుల్లా తెల్లటి గీతలు పొర కింద పాకుతాయి. రెండు వానాకాలాలకి చక్రం ముసలిదైపోతుంది. గన్‌మెటల్, కంచు రంగు, మసక నలుపు ఇప్పుడు ఇష్టపడటంలో ఫొటోల ప్రభావం ఎంత ఉందో, ఈ అనుభవమూ అంత ఉంది. ముఖం అంతా ఒకే రంగు పూత ఉన్న చక్రం ఉప్పుని బాగా తట్టుకుంటుంది, గీత పడితే అదే రంగు కొట్టించుకోవచ్చు. యాసిడ్ కలిపిన క్లీనర్లతో తోమించకుండా మంచినీళ్లు, సబ్బుతో కడిగితే చాలు.

ఈమధ్య ఇంకో మంచి మార్పు వచ్చింది. కంపెనీలే పెద్ద చక్రాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. క్రెటా పై మోడళ్లకి పదిహేడు అంగుళాలు, వర్టస్ జీటీకి 205/55 ఆర్16. బయట సైజు పెంచుకోవాల్సిన అవసరం పోయేసరికి కొందరు అదే కంపెనీ పై మోడల్ చక్రాలు వెతికి వేసుకుంటున్నారు. వర్టస్‌ది కూడా 5×100 వలయమే, పోలోకి సరిపడే హబ్బు కొలతే. కంపెనీ పరీక్షించిన చక్రం, సరైన బోల్టులు, రింగుల గొడవ లేదు. ఆఫ్‌సెట్, టైరు ఎత్తు చూసుకుంటే చాలు. చూడ్డానికి బండి పుట్టుకతోనే అలా వచ్చినట్టుంటుంది. ఇంతకన్నా నిండైన అందం మార్కెట్‌లో కొనలేం అనిపిస్తుంది. థార్ లాంటి ఎత్తు బళ్లకి వేసే లావు టైర్ల మోజు వేరే కథ, దానికి కొలతలూ వేరు.

పాత ఆకారాలూ తిరిగొస్తున్నాయి. వల అల్లికల చక్రం, మినిలైట్ తరహా ఎనిమిదాకులు, పదిహేను అంగుళాల్లోనే, లావు పక్కగోడతో. 1990ల రేసు బొమ్మల్లో కార్లు అలాగే ఉండేవి. డెల్టా రోడ్డుకి అవి అతికినట్టు సరిపోవడం యాదృచ్ఛికమే అయినా సంతోషించదగ్గదే.

హైవే పక్కన పని తెలిసిన అల్లాయ్ షాపులో ఇప్పుడు బేరం మొదలయ్యే తీరు కూడా మారింది. పోలో దిగిన కుర్రాడు గోడ మీది పదిహేడు అంగుళాల కంచు రంగు చక్రం వైపు వేలు చూపిస్తాడు. షాపాయన దాన్ని దించడు. "బండి ఎక్కువ ఎటు తిరుగుద్దండీ?" అని అడుగుతాడు. "ఆయ్, ముక్తేశ్వరం అండి. వారానికోసారి రాజమండ్రి" అంటాడు కుర్రాడు. "గట్టు రోడ్డేనాండి?" అంటే "అవునండి." అప్పుడాయన లోపలికెళ్లి పదిహేను అంగుళాల గన్‌మెటల్ చక్రం ఒకటి, పదహారుది ఒకటి తెచ్చి, ముందు కుర్రాడి చేతికి ఒకదాని తరవాత ఒకటి ఇస్తాడు. ధర చెప్పడానికి ముందు, రెండింటినీ ఎత్తి చూడమంటాడు.